కొండ పలికితేనే దారి

నాగరికత అన్నది రెండు రాజ్యాల మధ్యనున్న కనుమకు గేటు పెట్టడంతో మొదలై, ఆ గేటుకు ఒక అధికారిని పెట్టడంతో సంపూర్ణమవుతుంది. ఈ కనుమకు రెండూ ఉన్నాయి. దాటదలచినవారు గేటు ముందున్న నల్లబండ ఎక్కి, తామెవరో, ఎందుకు వెళ్తున్నారో గట్టిగా అరిచి చెప్పాలి. ఎదుటి కొండ ఆ మాటను మూడుసార్లు తిరిగి పలికితే గేటు తెరుస్తారు. రెండుసార్లే పలికితే రేపు రావాలి. (పూర్వం ఈ కొండ నిద్రలో అటూ ఇటూ దొర్లి బాటసారులను నలిపేసేదనీ, మేలుకుని ఉందో లేదో చూసుకోవడానికే వాళ్ళు కేక వేసేవారనీ అంటారు. కొండ దొర్లడం మానేసి యుగాలైంది. గేటు చూసుకునే శాఖ మాత్రం కేకలు వేయించడం మానలేదు.)

కొండ ఎన్నిసార్లు పలికిందో లెక్కపెట్టే అధికారిని జనం చెవులాయన అంటారు. అది బిరుదని ఆయన నమ్మకం. ఉన్న నిబంధనలు చాలక ఆయన స్వయంగా ఇంకో రెండు చేర్చాడు. ఒకరి బదులు మరొకరు అరవరాదు. గొంతు బాగాలేనివారు బాగయ్యాక రావాలి. రెండోదాన్ని, దగ్గుతూ అరిచి తన చెవులకు శ్రమ కలిగించిన ఒక ముసలి మంత్రగత్తె గౌరవార్థం చేర్చాడు. (ఆవిడ పిల్లిగా మారి గేటు కింద నుంచి దూరి వెళ్ళిపోయింది. పిల్లుల విషయం శాఖ పరిశీలనలో ఉంది.)

చిక్కల్లా ఈ అలవాటు ఆయన వెంట ఇంటికి కూడా రావడం. భార్య ఒకసారి పిలిస్తే పలికేవాడు కాదు. రెండోసారికి తల తిప్పేవాడు. మూడోసారికి "ఊఁ" అనేవాడు. ఏళ్ళ తరబడి ఓపిక పట్టిన ఆ ఇల్లాలు చివరికి ఒకరోజు మూటాముల్లె సర్దుకుని, అందరిలాగే బండ ఎక్కి, "ఈయనతో వేగలేక పుట్టింటికి పోతున్నాను" అని అరిచింది. కొండ మూడుసార్లు పలికింది. ఆయనే లెక్కపెట్టి, ఆయనే గేటు తీశాడు. (అన్నీ సక్రమంగానే ఉన్నాయి మరి.)

ఆ తర్వాతే తెలిసింది, ఎవరూ పిలవని ఇంట్లో పలక్కుండా కూర్చోవడం ఎంత కష్టమో. నిన్న, సామాన్లు మోసే రాక్షసుడు అవతలి నుంచి కబురు తెచ్చాడు.

"అయ్యగారూ, మంచు పడి దారి మూసుకుపోయేలోగా మీరే వచ్చి పిలిస్తే వస్తానన్నారు అమ్మగారు. లేకపోతే ఇంక అక్కడే ఉండిపోతారంట."

మంచు ఈ సాయంత్రమే పడేలా ఉంది. అంతలోగా దాటాలని జనం ఎగబడ్డారు. "వరసలో నిలబడండి" అని పొద్దుటి నుంచి అరిచి అరిచి, ఆఖరి మనిషిని కూడా పంపేసి, కోటు గుండీలు పెట్టుకుని ఆయన బండ ఎక్కాడు. నోరు తెరిస్తే పాత తలుపు కీచుమన్నట్టు ఏదో వచ్చింది. కొండ పట్టించుకోలేదు.

"పలకలేదు సార్," అంది సహాయకురాలు. ఏళ్ళుగా ఆయన దగ్గర చీవాట్లు తిని పని నేర్చుకున్న మనిషి.

"పోనీ నేను అరవనా అయ్యగారూ?" అన్నాడు రాక్షసుడు. వాడు అరిస్తే మూడేం ఖర్మ, కొండ రాత్రంతా పలుకుతూనే ఉంటుంది.

"ఒకరి బదులు ఒకరు అరవకూడదు. సారే పెట్టారు," అందామె. "పైగా గొంతు బాగాలేదు. బాగయ్యాక రండి సార్."

గేటు తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. దాని మీద చెయ్యి కూడా వేశాడు. తీస్తే అడిగే నాథుడు లేడు. కానీ తీస్తే, ఇన్నాళ్ళూ తాను వెనక్కి పంపినవాళ్ళంతా తనను ఒట్టి వెధవ అంటారు. తీయకపోతే ఆ సంగతి తన ఒక్కడికే తెలిసి ఉంటుంది. బాగా ఆలోచించి, చెయ్యి జేబులోంచి తీసేశాడు.

తొలి మంచు రాలుతుండగా కనుమ అవతలి చివరి నుంచి తెలిసిన గొంతు వినిపించింది.

"ఏమండీ, వస్తున్నారా?"

ఆవిడ ఒక్కసారే పిలిచింది. మిగతా మూడుసార్లూ కొండే పిలిచింది. ఆయన మాత్రం, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి, మొదటి పిలుపుకే పలికాడు. "వస్తున్నా" అనే అన్నాడు. గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. చేతులూపాడు; అంతలోనే దట్టమైన ఆ మంచులో తన చేతులు తనకే కనబడలేదు. ఏడుపొచ్చింది. నా బదులు నువ్వు చెప్పవా అన్నట్టు సహాయకురాలి వైపు దీనంగా చూశాడు.

"ఒకరి బదులు ఒకరు సార్..." అని ఆమె నొచ్చుకుంటూ గుర్తుచేసింది. ఫలితం ప్రకటించడానికి మాత్రం ఆమెకు అధికారం ఉంది కనుక, బూర అందుకుని అవతలికి వినబడేలా చెప్పింది.

"పిలుపు అందింది. సారు పలకలేదు."



"కొత్తేముంది," అంది అవతలి నుంచి ఆవిడ.

కొండ ఆ మాటను మూడుసార్లు ధ్రువీకరించింది.