నాలుగు కావలసిన చోట ఎనిమిది

సోమవారం పొద్దున లాండ్రీ నడిపే ఇల్లాలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇస్త్రీ దుప్పట్లను పాత వ్యాన్‌లో గుట్ట మీది ఆసుపత్రికి పదింటికల్లా చేర్చాలి, ఇంటికొచ్చి తీరిగ్గా కాఫీ తాగాలి. వ్యాన్ మాత్రం సగం గుట్ట ఎక్కి, ఆయాసపడి ఆగిపోయింది. దుప్పట్లు చేరేసరికి మధ్యాహ్నమైంది.

ఆసుపత్రి మేట్రన్ కోప్పడలేదు. "గురువారం పదింటికి మళ్ళీ చూద్దామమ్మా. ఆ రోజూ ఇంతే అయితే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం," అంది నెమ్మదిగా. ఈ పనిని నమ్ముకుని కొత్తగా ఇద్దరు ఆడవాళ్ళను పెట్టుకున్న ఇల్లాలికి గుండెల్లో రాయి పడింది.

"సగం సగం రెండు ట్రిప్పులు వేస్తే సరిపోదాండీ?" అని మొగుణ్ణి అడిగింది.

మొగుడు మెకానిక్. చేతిలో స్పానర్ కింద పెట్టి మరీ బాధపడ్డాడు. "మెకానిక్ పెళ్ళాం రెండు ట్రిప్పులు వేసిందంటే నేను షెడ్డు మూసుకోవాల్సిందే. ఇంజిన్ సిలిండర్ల బోరు పెంచుతాను చూడు. పిస్టన్ వెడల్పైతే పవరే పవరు!"

మంగళవారం వెడల్పు పిస్టన్లు, పెద్ద వాల్వులు పెట్టాడు. చదును రోడ్డు మీద వ్యాన్ రివ్వున దూసుకుపోయింది. కానీ దాని బలమంతా ఇంజిన్ గిర్రున తిరిగినంతసేపే. గుట్ట మొదట్లో వేగం తగ్గగానే నీరుగారిపోయింది. ఈసారి సగం కూడా ఎక్కలేదు.

సంగతి తెలిసి ఇల్లాలి అన్నగారు వచ్చాడు. ఆయనది లేతు మిషను పని. "బావగారూ, గుట్టకి కావాల్సింది పరుగు కాదు, లాగుడు. స్పానర్ కాడ పొడుగైతే ఎంత బిగుసుకున్న బోల్టయినా ఊడి రాదూ? ఇదీ అంతే. స్ట్రోకు పెంచండి. పిస్టన్ ఎంత దూరం దిగితే అంత లాగుడు."

"నేనూ అదే అనుకుంటున్నాను బావగారూ," అన్నాడు మెకానిక్, అంతకుముందు అనుకోకపోయినా.

ఎక్కడినుంచో, పిస్టన్లను పైకీ కిందికీ ఆడించే క్రాంకు ఒకటి, ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ స్ట్రోకు ఇచ్చేది తెచ్చాడు. ఆ ఎనిమిదిలో పిస్టన్ పైకి పోయేది నాలుగు, కిందికి దిగేది నాలుగు. పైన మూతకి కొట్టుకోకుండా సిలిండర్ల కింద నాలుగు మిల్లీమీటర్ల పలకలు వేస్తే చాలు. మెకానిక్ లేతుకి చీటీ పంపాడు: 'ఎనిమిది పెరిగింది. పలకలు కావాలి.' సగం చేసుకోవాలని లేతు పట్టినవాడికి తెలియదా అనుకున్నాడు. సగం చేశాకే ఎనిమిదని రాసి ఉంటారు, అడిగితే బావగారి మనసు నొచ్చుకోదా అనుకున్నాడు అన్నగారు. ఎనిమిదే కోశాడు.

బుధవారం బిగించి చూస్తే పిస్టన్లు రావలసిన చోటికి నాలుగు మిల్లీమీటర్లు కిందే ఆగిపోయాయి. ఇంజిన్ ఉసూరుమంది.

"ఎనిమిదెందుకు కోశారు?"

"మీరు ఎనిమిదనే రాశారుగా?"

"పోనీ, మళ్ళీ నాలుగు కోసుకుంటే పోలేదా?" అంది ఇల్లాలు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మళ్ళీ కోస్తే ఎవరో ఒకరు తప్పు ఒప్పుకున్నట్టే.

"తప్పు కాదే! పిస్టన్ల కింద నాలుగు మిల్లీమీటర్లు పొడుగు రాడ్లు వేసి పైకి లేపుదామనే అలా చేశాం. రాడ్డు పొడుగైతే పిస్టన్ పక్క గోడకి తక్కువ ఒరుసుకుంటుంది," అన్నాడు మొగుడు.

"అవును చెల్లెమ్మా, నేను ఎనిమిది కోసింది అందుకే," అన్నాడు అన్నగారు.

పొడుగు రాడ్లు పడ్డాక సాయంత్రానికి ఇంజిన్ హాయిగా తిరిగింది. కాకపోతే ఎనిమిది మిల్లీమీటర్లు ఎత్తు పెరిగింది. బానెట్ కింద ఉన్న సందు అయిదే. గొళ్ళెం పడక, బట్టలారేసే తాడుతో బానెట్‌ను కట్టేశారు.

గురువారం తొమ్మిదిన్నరకు ఇల్లాలు బయల్దేరింది. బావలిద్దరూ వెనకే స్కూటర్ మీద. గుట్ట మొదట్లో చిన్న గొయ్యి తగిలింది. తాడు పుటుక్కుమంది. బానెట్ లేచి అద్దానికి అడ్డంగా నిలబడింది. మడతబందు వంగిపోయి ఎంత నొక్కినా దిగలేదు.

"పలక నాలుగయ్యుంటే..." అన్నాడు మెకానిక్.

"చీటీ సరిగా రాసుంటే..." అన్నాడు అన్నగారు.

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. తొమ్మిదీ నలభై. ముందు చూస్తే దారి లేదు, వెనక చూస్తే ఉంది. కళ్ళు తుడుచుకుని, వ్యాన్ మొహం ఇంటివైపు తిప్పింది. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక గేరు వేసింది. వ్యాన్ రొప్పకుండా, రోజకుండా, గుడుగుడుమంటూ గుట్టంతా వెనక్కి ఎక్కేసింది.

పదికి రెండు నిమిషాలు ముందు మేట్రన్ దుప్పట్లు చూసుకుని, "రేపట్నుంచి రోజూ ఇలాగే రామ్మా. బండి మాత్రం ఎలా వచ్చినా ఫరవాలేదు," అంది. ఇల్లాలికి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా స్ట్రోకు మహిమ!" అన్నాడు అన్నగారు. "అంతా రాడ్డులోనే ఉంది," అన్నాడు మొగుడు.

అక్కడే నిలబడ్డ అంబులెన్సు డ్రైవరు నవ్వాడు. "ఇంజినుదేముంది సార్! ఈ రకం వ్యాన్లకి అన్నిటికన్నా లాగే గేరు రివర్సే. మాదీ ఇదే బండి. బరువెక్కువైతే మేమూ వెనక్కే ఎక్కిస్తాం."

ఇల్లాలు ఇద్దరివైపూ నిదానంగా చూసింది. "సోమవారం కూడా ఈ గేరు ఉందా?"

"ఉంది," అన్నారిద్దరూ.

ఆ వారంలో బావలిద్దరి లెక్కా కలవడం అదే మొదటిసారి.