లెన్స్ లేని కంటి గ్యారంటీ

కంట్లో లెన్స్ లేకపోవడం లోపమంటారు డాక్టర్లు. వాళ్ళకేం తెలుసు! అది వరం. బట్టల వ్యాపారానికి అంతకన్నా మేలు చేసేది ఇంకోటి లేదు. నమ్మనివాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉపేందర్ చీరల కొట్టు సంగతి వినండి.

ఉపేందర్ తల్లి అండాలమ్మ. పోచంపల్లి పక్క ఊళ్ళో నలభై ఏళ్ళు నూలుకు ముడులు కట్టి, రంగుల్లో ముంచి, మగ్గానికి అందించిన మనిషి. ముడి కిందికి రంగు కాస్త పాకుతుంది కాబట్టి, నేసిన ఇక్కత్ చీరలో పువ్వు అంచు కొంచెం చెదిరినట్టుంటుంది. మిల్లులో అచ్చేసిన చీరలో కత్తితో కోసినట్టుంటుంది. అండాలమ్మ ఒక్కసారి చూసి "నేసిందే, తీస్కో" అంటే అదే గ్యారంటీ. కొడుకు కొట్టులో ఆమెకు జీతం లేదు, వాటా లేదు. ఉన్నదల్లా ఆ మాటే.

సకల జనుల సమ్మెకు కొన్నాళ్ళ ముందు ఆమె కంట్లో శుక్లం తీశారు. రెండో కన్ను ఎప్పుడో పోయింది. ఆపరేషన్‌లో లోపలి పొర చిరగడంతో కొత్త లెన్స్ పెట్టడం కుదరలేదు. "గాయం మానినంక రా అమ్మా, సోడాబుడ్డి అద్దాలు రాసిస్త. మంచిగ కనిపిస్తది" అన్నాడు సైదాబాద్ డాక్టరు.

ఇక చూడండి మహిమ! లెన్స్ లేని కంటికి లోకమంతా అంచులు చెదిరిపోయింది. గోడ మీద క్యాలెండర్ ఇక్కత్. అన్నం పళ్ళెం ఇక్కత్. రోడ్డు మీద ఊరేగింపు మైళ్ళ పొడవు ఇక్కత్ తాను. ఎదురింటి కుక్క కూడా శ్రద్ధగా నేసిన పోచంపల్లి కుక్కే! అలాంటి కంటి ముందు ఒకరోజు పొరపాటున అచ్చు చీర పడింది. చేతికి కాస్త తేడాగా తగిలింది.

"ఇప్పుడు నూలు గిట్లనే వస్తున్నదమ్మా" అన్నాడు ఉపేందర్.

ఆమె వెలుతురుకు పట్టి చూసింది. అంచు మెత్తగా చెదిరే ఉంది. "నేసిందే, తీస్కో" అంది.

ఉపేందర్‌కు జ్ఞానోదయమైంది. నెల తిరిగేసరికి అరల నిండా అచ్చు చీరలు. పైన బోర్డు: మన నేత, మన తెలంగాణ. అమ్మ కూర్చునే స్టూలు మీదికి కొత్త దిండు వచ్చింది. ఇంత మాతృభక్తి ఎక్కడైనా చూశారా?

మరి అద్దాలో? "బస్సులు బంద్ అమ్మా, ఎట్ల పోతం?" అన్నాడు. ఆ పై వారం రైల్‌రోకో అన్నాడు. కంటి దవాఖానకీ రైలుకీ ఏం సంబంధమని అడక్కండి, ఉద్యమకాలంలో అలాంటివి అడగకూడదు. ఆ తర్వాత "రాష్ట్రం రానీ, మన రాష్ట్రంలనే చూపిస్త" అన్నాడు. కొట్టు షట్టర్ మాత్రం ఏ బంద్‌కైనా సగం లేచే ఉండేది. ఇంతమంది ఇన్నాళ్ళుగా ఆగుతుంటే నా ఒక్క కన్నెంత అని అండాలమ్మ ఊరుకుంది. పాపం, నిజంగానే అలా అనుకుంది.

సమ్మెలో ఒక్కటే దుర్గుణం, కాలేజీలు మూయించడం. మనవరాలు ఇందు ఖాళీగా దొరికింది. ఉపేందర్ ఎల్బీనగర్‌లో వర్తకుల దీక్షా శిబిరంలో దండ వేసుకుని కూర్చున్న రోజున, "బస్సు లేకుంటేంది, నడుద్దాం నానమ్మా" అంది. నడిచారు. డాక్టరు అక్కడే ఉన్నాడు, దవాఖానా తెరిచే ఉంది. వారంలో అద్దాలొచ్చాయి.

వాటిలోంచి చూస్తే అన్నీ పావు వంతు పెద్దగా కనిపిస్తాయి. కొడుకును చూసి "గింత లావైనవేందిరా" అని మురిసింది. తర్వాత ఒళ్ళో ఉన్న చీరను చూసింది. పావు వంతు పెద్దదైన పువ్వు, కత్తితో కోసినట్టున్న అంచు. ఇంకో చీర తీసింది. ఇంకోటి. అరలన్నీ చూసింది.

"ఎన్ని చీరలకు నేసిందే అని చెప్పిన బిడ్డా నేను?"

ఉపేందర్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అండాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఊళ్ళో ఇంకా మగ్గం మీదే బతుకుతున్న చెల్లెలు గుర్తొచ్చి ఏడ్చింది.

మర్నాడు స్టూలు గుమ్మంలోకి జరుపుకుని, వచ్చినవాళ్ళందరికీ నిజం చెప్పడం మొదలుపెట్టింది. చూశారా, చూపొస్తే వ్యాపారం ఎలా మునుగుతుందో!

మునగలేదు. మీర్‌పేట్ లలితమ్మ చీరలకొచ్చి, అంతా విని, "గట్లనా" అని రెండు చీరలు పట్టుకుపోయింది. తర్వాత ఇంద్రాణి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన టీచరమ్మ, దసరాకు అండాలమ్మ మాట మీద ఆరు చీరలు కొన్న మనిషి.

"నన్ను మాఫ్ జెయ్యమ్మా. నీకిచ్చినవి అచ్చు చీరలు. కండ్లు కనవడక చెప్పిన. వాపస్ తీస్కరా, నా కొడుకుతోని తీస్కునేటట్టు జేస్త."

"అయ్యో, నాకు అప్పుడే తెలుసండీ" అంది ఇంద్రాణి. "అంచు చూస్తే తెలీదా? పెళ్ళిళ్ళలో చుట్టాలకి పెట్టే పెట్టుబడులకి అవి చాలు. దూరం నుంచి అన్నీ ఒకలాగే ఉంటాయి. ఇంకో నాలుగు ఇప్పించండి. ఎవరైనా అడిగితే నేతేనని మీరు చెప్పారంటాను."

అండాలమ్మ ముందుకు వంగి, ఆవిడ కళ్ళలోకి చాలాసేపు చూసింది.

"నీకు ఆపరేషన్ ఏ దవాఖానల జేసిన్రు బిడ్డా?"

"నాకు ఆపరేషనేంటండీ? నా కళ్ళు శుభ్రంగా ఉన్నాయి."

అండాలమ్మ నమ్మలేదు.