కమిటీ జీపులో తొట్టెల

ఎనభై ఏడులో ఒక ఉదయం. హెడ్‌మాస్టర్ జలపతిరావు గారి పథకం చాలా చిన్నది. ఉద్యోగం చేసే తల్లుల పసిపిల్లలకు పనిచోట ఒక గది ఇవ్వాలా వద్దా అని విచారించడానికి శాసనసభా కమిటీ ఉట్నూర్ దగ్గర ఆయన నడిపే ఆడపిల్లల బడికి వస్తోంది. వాళ్ల కంట పసిపిల్ల పడకూడదు, అంతే. పిల్లే లేని బడికి పిల్లల గది ఎందుకిస్తారన్నది ఆయనకు తోచలేదు. పెద్దవాళ్లు వస్తున్నారంటే పాపం ఆయనకేదీ తోచదు.

సైన్సు టీచర్ సరళాదేవి భర్తకు నస్పూర్ బొగ్గుగనిలో పని. ఇంట్లో చూసేవాళ్లు లేక పాలు తాగే పాపను బడికి తెచ్చుకుంటుంది. ఆవరణలో చెట్టు నీడన చెడిపోయి పడున్న హాస్టల్ జీపులో, పైకమ్మికి చీర తొట్టెల కట్టి, వంటచేసే బుచ్చవ్వ పాపను పడుకోబెడుతుంది. పాప లేచి ఏడిస్తే సరళాదేవే భుజాన వేసుకుని పాఠం చెబుతుంది.

"గది మంజూరు కాకుంటే వచ్చే నెలసంది పాపను తేవద్దమ్మా, నాకు మాటొస్తది" అని జలపతిరావు ముందే చెప్పేశారు. అంటే ఆమె ఉద్యోగం మానుకోవడమే.

"బుచ్చవ్వా, పాపను ఏడన్న దాయి" అన్నారాయన. కమిటీ ముందు నామోషీ అని చెడిపోయిన జీపును కూడా గోడ వెనక్కి తోయించారు. ఆ సంగతి మాత్రం బుచ్చవ్వకు చెప్పలేదు. ఖాళీ అయిన ఆ నీడలోనే కమిటీ అధ్యక్షుడు లక్ష్మీరాజం గారి జీపు వచ్చి ఆగింది, డ్రైవరు చాయ్ తాగడానికి వెళ్లాడు. పొయ్యి మీద అన్నం వదిలి పరుగున వచ్చిన బుచ్చవ్వ, వెనకవైపు తెర ఎత్తి, ఎప్పటిలాగే తొట్టెల కట్టి, పాపను ఊపి వెళ్లిపోయింది.

విచారణలో లక్ష్మీరాజం ఒక్క మాటతో తేల్చేశారు. "గదెందుకమ్మా? మా అవ్వ నన్ను చెట్టుకు తొట్టెల గట్టి నాట్లేసింది. పిల్లను జూస్కుంట పని చేస్కోరాదా?"

సరళాదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. కమిటీ నివేదిక రాసుకోవడానికి గెస్ట్‌హౌస్‌కు బయలుదేరింది; లక్ష్మీరాజం తన జీపులో ముందు సీట్లో, మిగతా సభ్యులు వేరే బండిలో.

జీపు కనుమరుగయ్యాక బుచ్చవ్వ పాలసీసాతో వచ్చి నెత్తి కొట్టుకుంది. "సారూ! జీపేది? పాప అండ్లనే ఉన్నది!"

"అయ్యో! అది కమిటీ వాళ్లది! మనదాన్ని నేనే తోయించిన!"

సరళాదేవి అప్పటికే రోడ్డు మీద ఉంది. వెనక జలపతిరావు, ఆయన వెనక పాలసీసాతో బుచ్చవ్వ, ఆ వెనక గంట కొట్టకుండానే సగం బడి.

గెస్ట్‌హౌస్ వరండాలో లక్ష్మీరాజం పాపను భుజాన వేసుకుని పచార్లు చేస్తున్నారు. ఆయన కూర్చుంటే ఏడుపు, నడిస్తే నిశ్శబ్దం. అందుకని మిగతా సభ్యులు ఫైళ్లు పట్టుకుని ఆయన వెనకే నడుస్తూ చర్చిస్తున్నారు. చర్చ మొదటి పేరా దాటలేదు. అధ్యక్షుల వారి ఖద్దరు చొక్కా మాత్రం పూర్తిగా తడిసింది.

సరళాదేవి పాపను గుండెలకు హత్తుకుంది. జలపతిరావు చేతులు జోడించి జరిగిందంతా చెప్పుకున్నారు.

లక్ష్మీరాజం ఆయాసం తీర్చుకుని ఆమెను అడిగారు. "పరేషాన్ జేసిందమ్మా నీ బిడ్డ. దినాం దీన్ని వెట్టుకొని పాఠమెట్ల చెప్తున్నవు?"

"మీ లెక్కనే సార్. నడుసుకుంట."

ఆయన పకపకా నవ్వి సభ్యుల వైపు తిరిగారు. "రాయుండ్రి. గది కావాలె. అది కట్టేదాంక బడిల ఏ గది మంచిగుంటే అది ఇయ్యాలె."

బడిలో ఫ్యాను ఉన్నది హెడ్‌మాస్టర్ గది ఒక్కటే కావడం వల్ల, మర్నాటినుంచి జలపతిరావు గారు వరండాలో కూర్చుని సంతకాలు పెడుతున్నారు, అదీ చప్పుడు కాకుండా.