గోడ పుణ్యమా అని బోన్సాయ్

మీ ఇంట్లోకి ఎండ రాకుండా పక్కింటాయన గోడ లేపాడా? అయితే ఆలస్యం చెయ్యకండి. ఒక పూలదండా, అరడజను అరటిపళ్లూ పట్టుకెళ్లి ఆయన్ని సన్మానించండి. మీకు తెలియకుండానే మీ ఇంట్లో ఒక కళాకారుడు పుట్టబోతున్నాడు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మాది అరసవల్లి. సూర్యనారాయణమూర్తిని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో బస్సులు కట్టించుకుని వచ్చే ఊరు. ఆ గుడికి రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటికి మాత్రం సూర్యుడు రోజుకి నలభై నిమిషాలే వస్తాడు. ఉదయం ఎనిమిదీ పదికి ముందుగది కిటికీలోంచి దిగుతాడు, తొమ్మిదికి పది నిమిషాలుందనగా వెళ్లిపోతాడు. మిగతా రోజంతా నరసింగరావు గారి లాడ్జికి అవతలే ఆయన కాపురం.

నరసింగరావు గారిది నెల్లిమర్ల పక్క వ్యవసాయ కుటుంబం. పొలం గట్టు జానెడు జరిగితే ఊరుకోని వంశం. మా ప్రహరీ పక్కన స్థలం కొన్నప్పుడు మూడడుగుల సందు వదులుతానని ఆయనే అన్నారు. వదిలింది మూరెడు. ఆ సందులో ఇప్పుడు పిల్లి కూడా పక్కకి తిరిగి నడుస్తుంది.

ఇందులో నాకు ఒరిగిన లాభాలు అన్నీ ఇన్నీ కావు! మధ్యాహ్నం పన్నెండుకీ సాయంత్రం ఆరుకీ తేడా తెలియదు కాబట్టి వయసు మీద పడుతున్న సంగతి కూడా తెలియడం లేదు. ఉతికిన చొక్కా ఆరడానికి మూడు రోజులు పడుతుంది కాబట్టి బట్టల మీద వ్యామోహం పోయింది. గోడ మీద బూజు పట్టి ఏకంగా ఒడిశా మ్యాపు ఏర్పడింది, సరిహద్దులు రోజూ మారుతున్నాయి. ఇక మా వంటింటి కిటికీకి ఎదురుగా లాడ్జి గది కిటికీ. మొన్న రథసప్తమికి భావనపాడు నుంచి వచ్చిన భక్తుడొకాయన అందులోంచి చెయ్యి చాపి రెండు పచ్చిమిరపకాయలు అడిగి పుచ్చుకున్నాడు. ఇంత సమైక్యత మీ గేటెడ్ కమ్యూనిటీల్లో ఉందా?

అయితే అసలు వరం ఇది కాదు. అసలు వరం జేడ్ మొక్క.

మా ఆవిడ హైమవతి పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. గదిలో చెమ్మకి వయొలిన్ బిరడాలు ఉబ్బిపోయి తిరగవు, శ్రుతి నిలవదు. అందుకని ఆ నలభై నిమిషాల ఎండలో కిటికీ పక్కన పెట్టె తెరిచిపెట్టి, తనూ అక్కడే కూర్చుని సాధన చేసుకుంటుంది. ఆ సమయంలో ఇంటికి నిప్పంటుకున్నా నేను బిందెలో నీళ్లతోనే ఆర్పుకోవాలి తప్ప ఆవిణ్ని పిలవకూడదు. ఆ కిటికీలోనే నాలుగేళ్ల కిందట పెన్సిల్‌లా నిటారుగా, దళసరి ఆకులతో ఉన్న జేడ్ మొక్కని తెచ్చి పెట్టింది.

లాడ్జి లేచింది. మొక్క వాలింది. కుండీ ఇటు తిప్పి పెడితే మొక్క మళ్లీ అటే తిరిగేది. చివరికి బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడిలాగా ఒంటి చేత్తో కుండీని పట్టుకుని, మిగతా ఒళ్లంతా కిటికీ బయట పెట్టేసింది.

మామూలు మనిషైతే దాన్ని చూసి బాధపడతాడు. నేను యూట్యూబ్ చూశాను. అందులో జనం నిటారుగా ఉన్న మొక్కలకి తీగలు చుట్టి, రాళ్లు కట్టి, ఏళ్ల తరబడి నానా హింసా పెట్టి పక్కకి వాల్చి, దానికి వాలు స్టైల్ బోన్సాయ్ అని పేరు పెట్టి ఎగ్జిబిషన్లలో చూపిస్తున్నారు. ఎంత అమాయకులు! లాడ్జి పక్కన ఒక ఇల్లు అద్దెకి తీసుకుంటే పోయేది కదా?

ఆ రోజే నాకు జ్ఞానోదయమైంది. వంకరకి ఒక పేరు పెడితే చాలు, అది కళ. ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారుగా పనిచేసిన నాకు ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం పని మొదలుపెట్టాను. వారం రోజులు నీళ్లు మాన్పించిన మొక్కని కుండీలోంచి తీసి, వేళ్లకి పట్టిన మట్టి దులిపి, పొడుగు వేళ్లు కత్తిరించాను. లోతులేని పింగాణీ తొట్టెకి అడుగున చిల్లులు వేయించాను. ఇటుక ముక్కలు, నాగావళి ఇసుక, కాస్త కొబ్బరిపొట్టు కలిపి పోశాను. వాలిన మొక్కకి అవతలి వైపు ఉండే వేరు ఒక్కటే ఆధారమట. దాన్ని మాత్రం పొడుగ్గా ఉంచి, తొట్టె చిల్లులోంచి తీగ తెచ్చి బిగించాలి. లేకపోతే మొక్క బరువుకి తొట్టె తిరగబడుతుంది. అన్నీ చేశాను. కొమ్మకి కాస్త వయ్యారం తెద్దామని అల్యూమినియం తీగ చుట్టి వంచబోతే, అది టప్పున విరిగింది. జేడ్ కొమ్మలో పుల్ల తక్కువ, నీరెక్కువ. ఇష్టమైన వైపు ఎంతైనా వంగుతుంది, మనం వంచితే ఒప్పుకోదు. హైమవతి విరిగిన కొమ్మ చేతిలోకి తీసుకుని చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్ల సంసారంలో అలా వెళ్లిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

కొత్తగా మట్టి మార్చిన జేడ్‌కి వారం దాకా నీళ్లు తగలకూడదు, వేళ్లకి చేసిన గాయాలు కుళ్లిపోతాయి. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాను, పనిచేసే మరిడమ్మకి తప్ప. మర్నాడు చూస్తే మొక్క మొదట్లో కుంకుమ, తొట్టెలో మట్టంతా తడి! ఇదేమిటని అడిగితే ఆవిడ నా అజ్ఞానానికి జాలిపడింది.

"సూడండి బాబూ, సూరీడు బాబుకి ఎలాగ ఒంగి దణ్ణమెడతన్నాదో. మరి దాని పేరు సెప్పి సెంబుడు నీళ్లు ఇడవద్దా?"

అరసవల్లిలో తూర్పుకి వంగి నిలబడ్డ ప్రాణిని భక్తుడు కాదనడానికి నేనెవర్ని? మట్టి మళ్లీ మార్చాను. ఆకులు గుప్పెడు రాలాయి. ఆకులు రాలితే కాండం బయటపడి వందేళ్ల చెట్టులా కనిపిస్తుందని యూట్యూబే చెప్పింది. కళలో నష్టమనేదే లేదు!

ఇంతకీ ఈ కళాఖండం వెనక అసలు శిల్పి నరసింగరావు గారే కదా, ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన చాలా సంబరపడ్డారు. కాఫీ తాగారు. దర్శనం చేసుకుని తెచ్చిన ప్రసాదం మా చేతుల్లో పెట్టారు. తరవాత జేబులోంచి ఒక కాగితం తీశారు.

ఇక్కడ మీ దగ్గర ఒక విషయం దాచాను, క్షమించాలి. నాలుగేళ్ల కిందట కూడా ఆయన ఇలాగే ప్రసాదంతో, ఇలాగే ఒక కాగితంతో వచ్చారు. సందు తగ్గించి కట్టుకోవడానికి పక్కింటివారిగా నాకు అభ్యంతరం లేదని అందులో ఉంది. నేను పిల్లల కాంపోజిషన్లలో ఒక్క కామా వదలని మనిషిని. ఆ కాగితం మాత్రం చదవలేదు. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా చదివితే ఆయన్ని అనుమానించినట్టుంటుంది కదా! చేతిలో ప్రసాదం ఉంటే ఎడమచేత్తో కాగితం పట్టుకుని, కుడిచెయ్యి కడుక్కుని వచ్చి మరీ సంతకం పెట్టాను. పెన్ను కూడా నాదే.

ఈసారి కాగితం లాడ్జి పైన మెట్ల గది కోసం. అది లేస్తే, ఎనిమిదీ పదికి సూర్యుడు తొంగిచూసే ఖాళీ మూసుకుపోతుంది. నలభై నిమిషాలు సున్నా అవుతాయి. హైమవతి వయొలిన్ పెట్టె ఇంక ఏ కిటికీలో తెరవాలో నాకు తెలియదు.

"ఈ మెట్ల గదొక్కటీ లేసిపోతే మరింక మిమ్మల్ని ఇబ్బందెట్టను మాస్టారూ. మీరు మంచోరని అడగతన్నాను," అన్నారు నరసింగరావు గారు.

కుదరదని చెప్పాలని నాకు నిజంగా ఉంది. నోరు తెరిచాను. ఇంకో కప్పు కాఫీ తీసుకుంటారా అని వచ్చింది. ఆయన ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు. నా చెయ్యి దానంతట అదే జేబులో పెన్ను కోసం వెతుకుతోంది.

హైమవతి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కాఫీ తేలేదు.

"మొక్కంటే ఎండ కోసం వంగిందండీ. మీరేటి కోసం వంగుతున్నారు?"

కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. నరసింగరావు గారు ప్రసాదం పొట్లం వైపు చూశారు. ఆవిడకి చెప్పలేదు గానీ, మీకు చెబుతాను. వెళ్లేటప్పుడు ఈయన గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారు మంచోరు" అంటారే, ఆ మాట కోసం. నాలుగేళ్ల కిందట ఆ ఒక్క మాటకి ఇంట్లోకి వచ్చే ఎండంతా ఇచ్చేశాను. నాది కూడా కాదు, సగం ఆవిడది. ఆవిణ్ని అడక్కుండానే ఇచ్చేశాను. సిగ్గేసింది.

పెన్ను జేబులోనే వదిలేశాను. కాగితం మడిచి, కుదరదండీ అని ఆయన చేతికి ఇచ్చాను. నరసింగరావు గారు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, కాగితం జేబులో పెట్టుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగారు. ఆ మాట మాత్రం అనలేదు.

దానికి బదులు ఇంకో చిన్న సాయం అడిగారు. సంతకం ఎలాగూ లేదు కాబట్టి, గోడ వల్ల ఇరుగుపొరుగుకి ఎంత మేలు జరిగిందో పేపర్లో నాలుగు ముక్కలైనా రాయమన్నారు. ఒక్క పూటలో రెండుసార్లు కుదరదని ఎలా చెబుతాం చెప్పండి? మీరు ఇప్పటిదాకా చదివింది అదే.