దుబాయ్‌లో ఒక్క సీజన్ బతికిన ఒరుగులు

పరాయి దేశాల మార్కెట్లో మన సరుకు ఎక్కువ కాలం నిలవకపోవడమే మనకు మేలు! నమ్మరా? అయితే కరీంనగర్ యూనుస్ సంగతి వినండి.

మామిడికాయ ముక్కలు ఎండబెట్టి, ఆ ఒరుగులను దుబాయ్‌కి పంపిన ఘనుడాయన. మొదటి లోడ్ ఓడ ఎక్కిన రోజే దుకాణం బోర్డు మీదికి ‘ఇంటర్నేషనల్’ అన్న మాట ఎక్కింది. అక్కడివాళ్లు ఆ ఒరుగులను పప్పులో వేసుకుని లొట్టలేసుకుంటూ తిన్నారట. రెండో లోడ్ వెళ్లింది. అంతే! దుబాయ్ దుకాణదారు సరుకు తిప్పి పంపి, ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇంకొకరైతే కుంగిపోయేవారు. యూనుస్ కొత్త షేర్వానీ కుట్టించుకున్నాడు! ఎగుమతి నడిచినంతకాలం గోదాములో చెమటోడ్చాలి. ఆగిపోయిందా, అనుభవజ్ఞుడైపోతాం! సభలకు పిలుస్తారు, శాలువాలు కప్పుతారు. ఏళ్ల తరబడి సరుకు పంపేవాడికి ఉపన్యాసమిచ్చే తీరికెక్కడిది?

ఆ ఊపులోనే వ్యాపారుల సంఘాన్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. సంఘం సలహాదారు పదవి ఇవ్వాళో రేపో ఒళ్లో పడేలా ఉంది మరి.

“మన మాల్ల ఏం తక్కువ లేదు భాయ్! గాళ్ల నాలుకలే ఖరాబైనయి. ఇయ్యాల తిన్నది రేపు తినరు!” అన్నాడు యూనుస్.

అందరూ తలలూపారు. యూనుస్ భార్య అంబ్రీన్ వేడివేడి పప్పు వడ్డించింది. సంఘం అధ్యక్షుడు దశరథం పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కరకరమంది. దవడ అక్కడే ఆగిపోయింది.

“చెల్లే, గీ ఒరుగులు యాడియి? అంతా ఇసుకే!”

“దుబాయ్ మాలే అన్నా, వాపస్ వచ్చింది. మొదటిది నేను బట్ట పరిచి ఎండబెట్టిన. రెండోది ఈయన అగ్గువకు దొరికిందని కొనుక్కొచ్చిండు. వద్దంటే ఇన్లే.”

యూనుస్ నోట్లోనూ అదే ముద్ద. ఉమ్మితే పరువు పోతుంది, నమిలితే పళ్లు పోతాయి. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి గుటుక్కున మింగి నీళ్లు తాగాడు.

“జర... ఇసుకున్నట్టే ఉన్నది,” అన్నాడు తల దించుకుని.

దశరథం చేయి కడుక్కుని వచ్చాడు. “చెల్లే, మా సంఘానికి సలహాలు ఇగ నువ్వే జెప్పాలె!”

ఇంతకీ విదేశీయులకు నిలకడ లేదంటారా? పాపం, వాళ్లు రెండో లోడ్ దాకా ఓర్చుకున్నారు. కరీంనగర్ మార్కెట్ ఒక్క ముద్దకే మూతపడింది!