‘మూర్తించు’ అనే క్రియకు గోత్రం దొరికిన వైనం

మచిలీపట్నంలోని పదసంరక్షణ సంఘం అనుమతి లేనిదే కృష్ణా డెల్టాలో కొత్త మాటేదీ చెల్లదని తొంభైల చివర ప్రజలందరికీ తెలియజేయడమైనది. ప్రజలందరూ ఆ ప్రకటనను గౌరవంగా చదివి, తమకు తోచిన మాటలే మాట్లాడుకున్నారు.

సంఘాధ్యక్షులు సత్యనారాయణమూర్తిగారు విశ్రాంత తెలుగు అధ్యాపకులు. తాము కూరుస్తున్న నిఘంటువులోకి అడ్డమైన మాటలూ చొరబడకుండా ఆయన స్వయంగా నిబంధనలు రాశారు. పదానికి సద్వంశం ఉండాలి. నడవడి బాగుండాలి. కనీసం ఒక గెజిటెడ్ అధికారి నోట వెలువడి ఉండాలి. ‘సొల్లు’, ‘బిల్డప్పు’ వంటివి గుమ్మం దగ్గర నుంచే తిరుగుముఖం పట్టాయి.

గుడివాడలో చదువుకునే శ్రీదుర్గ అనే అమ్మాయి, తమ కాలేజీలో వాడే మాటలు కొన్ని పరిశీలనకు పంపింది. మూర్తిగారు చూద్దామన్నారు. ఆమె ఇంటరు దాటి డిగ్రీలో చేరింది; ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. నీ మాటలు ఏమయ్యాయని ఎవరడిగినా ఆమె “మూర్తిగారి దగ్గరున్నాయి” అనేది. అంత పొడుగు జవాబు కుర్రకారుకు బరువై, “మూర్తించాయి” అని కుదించుకున్నారు.

ఆ మాట కాలేజీ గేటు దాటి ఆటో ఎక్కింది. ఉయ్యూరు రోడ్డు మీద చెరకు బళ్ళు మూర్తించాయి. దివిసీమలో కరెంటు మూర్తించింది. నడిసముద్రంలో పడవ ఇంజన్లు మూర్తించాయి. పెళ్ళిచూపులకొచ్చి, టిఫిను తిని, కబురు పంపని మగపెళ్ళివారు మూర్తించారు. ఆ మూర్తి ఎవరో మాత్రం జనానికి తెలియదు. ఆయనకు అదొక్కటే ఊరట.

ఓ మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చుని పప్పేదని అడిగారు. వంటింట్లోంచి భార్య కనకమహాలక్ష్మిగారు, “గ్యాసు మూర్తించిందండీ” అని, ఠక్కున నాలిక కరుచుకున్నారు. ఆయన మజ్జిగతో సరిపెట్టుకుని లేచారు. జన్మంతా పాఠాలు చెప్పి సంపాదించుకున్న పేరు ఆరిపోయిన పొయ్యికి పెట్టారే అని ఆ పూటంతా వసారాలో పచార్లు చేశారు.

ఇంతలో ఒక సమీక్షా సమావేశంలో ఓ ఉన్నతాధికారి, ఈ ఫైలు ఎవరి బల్ల మీద మూర్తించిందని గంభీరంగా ప్రశ్నించారు. దాంతో మాటకు గెజిటెడ్ హోదా వచ్చేసింది. సంఘం అత్యవసరంగా కొలువుతీరింది.

అవనిగడ్డ సభ్యులు దైవాధీనంగారు లేచి, కాలువ నీళ్ళలాగే పదాల పంపకంలోనూ దివిసీమ శివారు భూమిగానే మిగిలిపోతోందని, ఈ మాటలో తమకు సగం వాటా ఇవ్వాలని కోరారు. గుడివాడవారు పుట్టిల్లు తమదేనన్నారు. అది రోడ్డున పుట్టిన మాటని, దానికి వంశమే లేదని మూర్తిగారు వాదించారు. అప్పుడు ఉపాధ్యక్షులు కాంతారావుగారు కండువా సర్దుకున్నారు.

“అధ్యక్షా, మూర్తి అనగా విగ్రహం. విగ్రహం కదలదు. కావున మూర్తించుట అనగా విగ్రహమువలె కదలకుండుట. ఇది సాక్షాత్తు దేవభాషా సంతానం. దీన్ని కాదనడం మన సంస్కృతిని కాదనడమే.”

చప్పట్లు మోగాయి. రోడ్డున పుట్టిన పిల్లకు క్షణంలో గోత్రం కుదిరింది. సంస్కృతి మాటెత్తాక ఎదురు చెప్పే ధైర్యం లేక మూర్తిగారు సంతకం పెట్టారు. ఇంటిదారిలో ఆలోచిస్తే, సొంత పేరు క్రియాపదమయ్యే యోగం ఎంతమంది పండితులకు పట్టిందీ అనిపించింది. వీధి మలుపు తిరిగేసరికి నడకలో కాస్త ఠీవి వచ్చింది.

నిఘంటువు అచ్చయింది. ఆ ఏడే పరీక్షలో, ‘మూర్తించు’ను సొంత వాక్యంలో ప్రయోగించమని ప్రశ్న వచ్చింది. మార్కుల కోసం రాసే మాటను సరదాకి ఎవరంటారు? కాలేజీలు వదిలేశాయి. ఆటోలు వదిలేశాయి. కొన్నేళ్ళకు ఇంట్లో గ్యాసు కూడా మామూలుగానే అయిపోసాగింది.

మూర్తిగారికి ఏమీ తోచేది కాదు. పని లేకపోయినా గుడివాడ బస్టాండుకు వెళ్ళి, ఎవరైనా ఆ మాట అంటారేమోనని చెవులు రిక్కించి కూర్చునేవారు. ఓ సాయంత్రం బందరు బస్సు ఎంతకీ కదల్లేదు. చేపలమ్ముకుని ఖాళీ గంపతో, నడుముకు దోపుకున్న సెల్‌ఫోనుతో పక్కనే నిలబడిన ధనమ్మ, ఈ బస్సుకేమైందండీ అని ఆయన్నే అడిగింది.

ఆయన చుట్టూ చూసి, ఆశగా, “మూర్తించిందమ్మా” అన్నారు.

ఆమెకు అంతుబట్టలేదు. కదలవలసిన చోట కదలకుండా నిలిచిపోవడమని ఆయన ఓపిగ్గా వివరించారు.

“హ్యాంగయిందా? ఆ ముక్కేదో తెలుగులో చెప్పొచ్చు కదండీ మేస్టారూ” అంది ధనమ్మ.