శేషాచలం గారి కారు టాపు

ఆదివారం పదింటికి గ్రెగ్ వస్తాడు, కారు చూస్తాడు, తీసుకుపోతాడు. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో శేషాచలం గారింట్లో ఆ పొద్దుటి కార్యక్రమం అంతే. కారంటే మామూలు కారు కాదు, ఎర్ర ఎమ్‌జీబీ రోడ్‌స్టర్. 1970లో సిడ్నీలోనే బిగించిన, పైకప్పు తీసేసుకోగల రెండు సీట్ల బండి. ఇంజనీరుగా ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన మోజుపడి కొన్నారు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళ మోకాళ్ళతో ఆ నేలబారు సీట్లోకి దిగడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. "ఇంక చాలు నాన్నా, సెల్ ఇట్" అని కొడుకు రిషి మూడు నెలలుగా పోరుతున్నాడు. భార్య శ్యామసుందరి "మీ ఇష్టం" అని ఊరుకుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు పక్కసీట్లో కూర్చున్న మనిషి ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదే అని ఆయనకు లోపల కష్టంగానే ఉంది. పైకి మాత్రం సరేనన్నారు.

గ్రెగ్ పాతకార్ల క్లబ్బు కార్యదర్శి. అతని షరతు ఒక్కటే: గుడ్డ టాపుతో పాటు, కావలసినప్పుడు బిగించుకునే గట్టి టాపు కూడా ఉండాలి. తీరా ఎనిమిదింటికి గరాజులో చూస్తే ఆ టాపు లేదు.

"శ్యామా! కారు టాపేదీ?"

"పెరట్లో ఉంది. అరవకండి."

మోకాళ్ళు మొరాయించి ఆయన నెలల తరబడి అడుగుపెట్టని పెరట్లో, కంచె పక్కన టాపు వెల్లకిలా పడి ఉంది. దాన్నిండా మట్టి. మట్టి నిండా నడుమెత్తు గోంగూర.

"ఓరి నాయనో! కారు టాపులో గోంగూరేమిటే?"

"తొట్టిలా బాగుందని వేశాను. ఎంత ఏపుగా వచ్చిందో చూడండి."

"మామ్, పీకేద్దాం. ఐ విల్ వాష్ ఇట్" అన్నాడు రిషి.

"పచ్చటి మొక్కల్ని పీకుతావా? ముందు ఆకు కోయనీ" అంటూ ఆవిడ నింపాదిగా ఫోను తీసి, వీధి వాట్సాప్ గ్రూపులో 'తాజా గోంగూర, మా ఇంటికి రండి' అని పెట్టేసింది.

గ్రెగ్ అరగంట ముందే దిగాడు. అతణ్ణి పెరట్లోకి పోనివ్వకుండా శేషాచలం గారు కారు ముందే నిలబెట్టి చరిత్ర మొదలుపెట్టారు. "అరవై రెండులో మొదట వచ్చింది ఈ రోడ్‌స్టరే. అరవై అయిదులో జీటీ వచ్చింది. దానికి వాలు కప్పు, పేరుకో వెనక సీటు. అది ఇక్కడ బిగించలేదు, ఇంగ్లండు నుంచి రావలసిందే. డెబ్బై నాలుగులో మెరిసే బంపర్లు పోయి నల్ల రబ్బరువి వచ్చాయి. ఎనభైలో రెండూ ఆగిపోయాయి."

గ్రెగ్‌కు ఇదంతా కంఠతా వచ్చు. అయినా మర్యాదగా విన్నాడు. చెబుతూ చెబుతూ శేషాచలం గారే ఎక్కడికో వెళ్ళిపోయారు. రిషి పుట్టినప్పుడు స్నేహితులంతా దీన్ని అమ్మేసి వెనకసీటున్న జీటీ కొనుక్కోమన్నారు. శ్యామసుందరి ససేమిరా అంది. "నెత్తిన గాలి తగలని కారు నాకెందుకండీ?" అంది. పిల్లాడి కోసం వేరే కారొచ్చింది గానీ, ఇది కదల్లేదు. సముద్రం పక్క రోడ్డు మీద ఆవిడ పైట ఎగరడం, ముడి ఊడిపోవడం, ఆవిడ పగలబడి నవ్వడం గుర్తొచ్చి ఆయన పక్కసీటును చేత్తో తుడిచారు.

ఈలోగా వీధి మొదటి ఇంటి లిఖిత సంచితో వచ్చింది. వెనకే మరో ముగ్గురు. పెరట్లోకి దారి కారు పక్కనుంచే కాబట్టి, అందరూ అక్కడే వరసకట్టారు. పావుగంటలో ఆ వరస వీధిలోకి పాకింది. గోంగూర సంగతి తెలియని గ్రెగ్ వాళ్ళను చూశాడు, కారును చూశాడు, చెమట తుడుచుకున్నాడు.

"గట్టి టాపు కనిపించడం లేదు, అయినా పర్లేదు మేట్. వీళ్ళెవరికీ ఇవ్వొద్దు, ఇప్పుడే నేను తీసుకుంటాను" అని చెయ్యి చాచాడు.

శేషాచలం గారి ప్రాణం ఉసూరుమంది. టాపు లేదంటే వద్దంటాడేమోనని మనసు మూల ఎక్కడో చిన్న ఆశ ఉండేది. అదీ పోయింది.

"నాన్నా, షేక్ హిజ్ హ్యాండ్!" అన్నాడు రిషి.

అప్పుడే మట్టిచేతులతో గోంగూర కట్టలు పట్టుకుని శ్యామసుందరి వచ్చింది. "టాపు లేకుండా కూడా కొంటాడా? అయితే నేను అంత మట్టి మోసింది దండగేనా?"

"అంటే?"

"టాపు లేకపోతే ఎవరూ కొనరని దాంట్లో గోంగూర వేశాను. పెరట్లో వేరే చోటు లేకనా?"

"మరి మీ ఇష్టం అన్నావు?"

"నొప్పులు మీవి. నేను వద్దని ఎలా అంటానండీ?" అంటుంటే ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"దిక్కుమాలిన మోకాళ్ళు!" అన్నారు శేషాచలం గారు. గ్రెగ్ చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపి, "సారీ మేట్, అమ్మను" అన్నారు. చాచిన చెయ్యి ఖాళీగా పోకూడదని అందులో ఒక గోంగూర కట్ట పెట్టారు. వరసలో వాళ్ళను ఆకు కోసుకోమని చెప్పి, భార్యాభర్తలిద్దరూ కారెక్కారు. ఆయన సీట్లోకి దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వరసంతా చప్పట్లు కొట్టింది.

మరుసటి నెల క్లబ్బు పత్రికలో గ్రెగ్ ఎమ్‌జీబీ రకాల జాబితా వేశాడు. రోడ్‌స్టర్, 1962 నుంచి 1980. జీటీ, 1965 నుంచి 1980. గోంగూర టాప్, స్కోఫీల్డ్స్‌లో ఇంకా ఉత్పత్తి అవుతోంది.